మోకు విప్పడం

హోబార్ట్ రేవులో మంగళవారం సాయంత్రం.
కొండ మీంచి దిగిన గాలి
షెడ్డు రేకుల్ని కొసల దగ్గర పట్టుకుని ఊపుతోంది.
గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ఓడ.
దాని సర్వరు ఇంకా నా కాళ్ళ దగ్గరే ఉంది
చక్రాల బల్ల మీద,
బస్సొచ్చినా చెప్పులేసుకోని పిల్లాడిలా.

అందులోకి పోయాల్సింది పదిహేడేళ్ళ సముద్రం.
నీళ్ళడుగున వేలాడిన మైకులు విన్నదంతా:
తిమింగలాలు, మంచు విరిగిన చప్పుళ్ళు,
దారి తప్పిన ఏదో చేపల పడవ ఇంజను.
నలభై టెరాబైట్లు.
తెర మీద సెకనుకి నూటపన్నెండు మెగాబైట్లు.
వేళ్ళ మీద లెక్కేశాను, తర్వాత కాగితం మీద,
తర్వాత కాగితం తిరగేసి ఇంకోసారి.
ఎలా వేసినా నాలుగు రోజుల పైమాటే.

"ఎన్నింటికవుతుంది?"
గ్లెనిస్ తలుపు దగ్గర నిలబడి అడిగింది.
ఆ గొంతులన్నిటికీ పేర్లు పెట్టిన మనిషి.
శనివారం రాత్రి అనలేక
"చూస్తున్నా" అన్నాను.

రెండు పెట్టెల మధ్యా తీగలు నాలుగు.
మధ్యాహ్నం నేనే వాటిని ఒక్కటిగా కట్టాను,
ఇక్కడ తాళ్ళు పేని మోకు చేసినట్టు.
నాలుగింతలవుతుందని నమ్మి
టీ కూడా తాగొచ్చాను.
నూటపన్నెండే.

మోకు తెగదు, అంతవరకే దాని గొప్ప.
పరిగెత్తమంటే మాత్రం
ఒక మాట మొదలైన దారినే చివరిదాకా పోతుంది.
పక్కన ఇంకో మూడు దార్లున్నాయని
దానికెవరు చెప్పారు?

ఏడింటికి మోకు విప్పేశాను.
నాలుగు తీగలకీ నాలుగు చిరునామాలు,
ఒకదాని గడప ఒకటి తొక్కని నాలుగు వీధులు.
ఒక్కో వీధిలో ఒక్కో సంభాషణ తెరిచి
వంతులు పెట్టాను.

వంతంటే నాకు తెలిసింది తగువే.
ఒంగోల్లో మా మేనత్త
కుళాయి దగ్గర బిందెల వరసని కళ్ళతోనే కాపలా కాసేది.
ఎవరైనా రెండోది పెడితే వీధంతా లేచేది.
ఇక్కడ యంత్రం ఒక్కో దారికీ
వరసగా వెయ్యి బిందెలు పట్టిచ్చాక గానీ
పక్కదాన్ని పిలవడం లేదు.
వెయ్యిని ఒకటి చేశాను.

నూటతొంభై.
రెండొందల డెబ్భై.
మూడొందల ముప్ఫై దగ్గర కదలనంది.

నాలుగో దీపం వెలగలేదు.
బల్ల కిందికి దూరి చూస్తే
తీగ కొసన క్లిప్పు విరిగి
ఊరికే రంధ్రానికి ఆనుకుని ఉంది, ఎన్నాళ్ళనుంచో.
మోకులో ఉన్నంతసేపూ
అది లేదని ఎవరికీ తెలియలేదు.
నాకు కూడా.

ఓడ టెక్నీషియన్ ఫిన్ జేబులోంచి ఇంకోటి తీసిచ్చాడు,
ఆకుపచ్చది, కాస్త పొట్టిది.
బల్లని మూరెడు ఇవతలికి జరపాల్సొచ్చింది.

నాలుగొందల ముప్ఫై.
ఒక రాత్రి, ఒక పగలు, పైన కొసరు.

గ్లెనిస్ స్పీకరు పెట్టింది.
పాత నీలి తిమింగలం, పేరు పెట్రోనెల్లా అట.
చెవికందని ఆ లోతుని
పదింతలు వేగం పెంచి వినిపిస్తే
పై అంతస్తులో ఎవరో కుర్చీ లాగినట్టుంది.
అదే చెప్పాను. తనకి నచ్చలేదు.
అప్పుడు నా మోకాళ్ళ పక్కనుంచి
అదే గొంతు నాలుగు ముక్కలై వెళ్తోంది,
అవతలి పెట్టెలో
ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే మళ్ళీ తీసుకుంటూ
కుదురుగా కూర్చుంటోంది.

గురువారం ఎనిమిదిన్నర.
కాపీ బుధవారం రాత్రే అయింది,
సరిచూడ్డం ఇంకా నడుస్తోంది.
ఫిన్ ఆగలేకపోయాడు.
ఒక తీగ పీకాడు. ఇంకోటి.
అంకె తగ్గింది, ఆగలేదు.
మూడోది.
ఆకుపచ్చది ఒక్కటే మిగిలాక
దాని మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు.

"రెండు నిమిషాలు" అన్నాను.
బయట ఓడ కూసింది.
గ్లెనిస్ ఇంకా టోపీ వెతుక్కుంటోంది.